కూటి కోసమా? కూడిక కోసమా? – పొదిలి ప్రాంతపు క్రైస్తవ సంఘాల పుట్టుకను గూర్చి కొన్ని ఆలోచనలు

"కూటి కోసం కోటి విద్యలు" అని మన సామెత. బ్రతుకు భారాన్ని సానుభూతితో చెప్పే సామెత యిది. కాని మన ప్రాంతంలో దీన్నే కొందరి విషయంలో వంకరగా ప్రయోగించటం కద్దు. పల్లెలోని ప్రార్థనా మందిరం మాట వచ్చినా, హాస్టల్లో క్రిస్మస్ ముచ్చట సాగినా, ఎవరో ఒకరు "వాళ్ళ తాతలు కరువులో కూటి కోసం మతం పుచ్చుకున్నవాళ్ళేగా!" అనేస్తారు. అన్నవారికి అది ఓ క్షణం హాస్యం. విన్నవారికి మాత్రం అది తాతముత్తాతల మీద వేసిన నింద. తిరిగి జవాబు చెప్పటానికి వాళ్ళకూ తమ చరిత్ర తెలియదు. తల వంచుకుని వూరుకుంటారు.

కనుక యీ ప్రశ్నను దాటవేయకుండా ముఖాముఖి ఎదుర్కోవటం మంచిది. నిజంగా జరిగినదేమిటి? కూడు కోసం రావటాన్ని గూర్చి బైబిలు ఏమంటుంది? ఆనాటి ఆ చరిత్ర నేటి సంఘ జీవితాన్ని ఏమని అడుగుతున్నది? యీ మూడు సంగతులూ వరుసగా చూద్దాం. యీ వ్యాసం ఎవరినీ ఏ మతంలోకీ పిలవటానికి కాదు. మన పక్క బెంచీలో కూర్చున్నవాడి యింటి చరిత్రను మనం తెలుసుకోవటానికి మాత్రమే.

ఆనాటి నేల

యిప్పుడు ప్రకాశం జిల్లా అనగానే అంతా ఒకటేననిపిస్తుంది గాని, యీ జిల్లా పుట్టిందే 1970లో. మొదట ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అంతకు పూర్వం మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లాలోవి. పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు జిల్లాలోవి. అందులోనూ పొదిలి, దర్శి భాగాలు వెంకటగిరి రాజావారి జమీందారీలోవి.

నేల మాత్రం అప్పుడూ యిప్పుడూ ఒకటే. వాన పడితే జొన్న, సజ్జ, కొర్ర, వరిగ. పడకపోతే ఆకాశం వంక చూడటం. నల్లమలలో పుట్టి కంభం, మార్కాపురం వైపుల మీదుగా పారే గుండ్లకమ్మ కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు యిసుకే. బావిలో నీళ్ళుంటే కపిల తోలాలి. కపిల తోలాలంటే తోలుబాన కావాలి, వార్లు కావాలి. అవి కుట్టేవాడు మాదిగ. చచ్చిన గొడ్డును వూరి బయటికి మోసుకుపోయేవాడు, దాని తోలు ఒలిచి లందలో తంగేడు చెక్కతో వూనేవాడు, చెప్పులు కుట్టేవాడు, జాతరకూ చావుకూ డప్పు కొట్టేవాడు అన్నీ ఆయనే. ప్రతిఫలంగా పంట రోజుల్లో కళ్ళం దగ్గర కొంత గింజ, దాన్నే 'మేర' అంటారు, దానితో పాటు చచ్చిన గొడ్డు మాంసం. కట్టుబాటు ఏమంటే, ఆయన పని లేకపోతే వూరి సేద్యం సాగదు, వూరి మేర లేకపోతే ఆయన పొయ్యి వెలగదు. అయితే వూరికి ఆయన పని కావాలి గాని ఆయన నీడ అక్కర్లేదు. వూరి బావి ఆయనది కాదు. వూరి బడి ఆయన పిల్లలది కాదు. వూరి గుడి గడప ఆయనది కాదు.

యీ సంగతి మనసులో పెట్టుకుంటేనే తర్వాత జరిగినది అర్థమవుతుంది.

యెర్రగుంట్ల పేరయ్య

అమెరికను బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో స్థిరపడింది. చాలా ఏండ్లు ఫలితం కనిపించలేదు. ఖర్చు దండగని దాన్ని మూసివేయాలన్న మాట అమెరికాలో మళ్ళీ మళ్ళీ లేచింది. వారి పటంలో తెలుగుదేశాన ఒకే ఒక్క చుక్కగా వున్నందువల్ల దానికి 'ఒంటరి నక్షత్రం' అనే పేరు నిలిచింది. 1854 జనవరి 1వ తేదీ వేకువన లైమన్ జ్యూయెట్ దంపతులూ ముగ్గురు తెలుగు విశ్వాసులూ, మొత్తం అయిదుగురు, ఒంగోలు కొండమీద మోకరించి ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. యిప్పటికీ ఆ కొండను ప్రార్థన కొండ అని వ్యవహరిస్తారు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే యువ మిషనరీ ఒంగోలు చేరాడు. ఆయన మతబోధకుడు కాకమునుపు సర్వే పని నేర్చినవాడు. గొలుసు పట్టి భూమి కొలవటం, మట్టి లెక్క కట్టటం ఆయనకు తెలుసు. యీ చదువు తర్వాత అక్కరకు వచ్చింది.

అయితే మన పడమటి పల్లెలకు యీ కబురు మొదట మోసుకొచ్చినవాడు దొర కాదు. ఒంగోలుకు పడమరగా 40 మైళ్ళ దూరాన వున్న తాళ్ళకొండపాడు కాపురస్థుడు యెర్రగుంట్ల పేరయ్య. కులం మాదిగ, వృత్తి తోళ్ళ వ్యాపారం. చదువు లేదు గాని ఆలోచన వుంది. అంతకు ముందే రాజయోగ మార్గంలో గురువుల్ని ఆశ్రయించి, ధ్యానం నేర్చి, తన చుట్టూ కొందరు శిష్యుల్ని కూడా సంపాదించినవాడు. దేవుడు ఒక్కడేననీ, రూపంలో లేడనీ అప్పటికే నమ్మినవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి పోయినపుడు ఏలూరులో ఒక మిషనరీ నోట క్రీస్తు మాట విన్నాడు. తాను వెతుకుతున్నది అదేననుకున్నాడు. 1866లో ఒంగోలుకు నడిచివచ్చి, భార్యతో సహా జ్యూయెట్ గారి చేత బాప్తిస్మం పొందాడు.

తిరిగి వెళ్ళి వూరుకోలేదు. తోళ్ళ బేరానికి తిరిగే దారుల్లోనే యీ మాట చెబుతూ తిరిగాడు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మంది సభ్యులతో సంఘం ఏర్పడింది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్ళకొండపాడు చేరి చింతతోపులో డేరా వేశాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం మూటల్లో నాలుగు రోజుల తిండి కట్టుకుని వచ్చారు. అయిదు రోజుల కూడికల తర్వాత 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

యిక్కడ విద్యార్థులు గమనించవలసిన సంగతి సంవత్సరం. యిది 1867. దక్షిణాదిని ముంచిన పెద్ద కరువు వచ్చింది 1876లో. అంటే కరువుకు దాదాపు పదేండ్ల ముందే, ఎవరూ ఎవరికీ గింజలు పంచని రోజుల్లోనే, మన పడమటి పల్లెల్లో సంఘం పుట్టింది. వచ్చినవాళ్ళు తిండి వెతుక్కుంటూ రాలేదు, తమ తిండి తామే తెచ్చుకున్నారు. కరువు నాటికి ఒంగోలు మిషను సభ్యుల సంఖ్య మూడువేలు దాటింది.

మూడు నియమాలు

బాప్తిస్మం కోరినవారికి ఆనాడు పెద్ద వేదాంతమేమీ చెప్పలేదు. ఆచరణలో మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. పైకి చూస్తే యివి చిన్న మాటలు. కాని కాస్త విప్పి చూస్తే ఒక్కొక్క నియమం వెనుక ఎంత బరువు వున్నదో తెలుస్తుంది.

ఆదివారం పని మానటమంటే, కపిల బాన చిరిగిన రైతు ఆదివారం నాడు కబురు పెడితే "రేపొస్తానయ్యా" అనటం. తరతరాలుగా 'రేపు' అనే మాటకు అలవాటు లేని నోటితో ఆ మాట అనటం. యూదులు ఐగుప్తులో బానిసలుగా వున్నపుడు వారికి సెలవుదినం లేదు. విడుదలైన తర్వాతనే వారికి విశ్రాంతి దినం ఆజ్ఞగా వచ్చింది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినానికి చెప్పిన కారణమే అది. దాసుడూ దాసీ కూడా యజమానితో సమానంగా విశ్రమించాలని అక్కడ వున్నది. యీ కోణంలో చూస్తే ఆదివారం నియమం కేవలం భక్తి నియమం కాదు. వారంలో ఒక్కరోజైనా తన వొళ్ళు తనదేనని మనిషి చెప్పుకోవటం.

చచ్చిన గొడ్డును తినకపోవటమంటే, మేరలో ఒక భాగాన్ని తానే వదులుకోవటం. కూలికి మారుగా ఎంగిలి యిచ్చే ఆచారానికి అడ్డు చెప్పటం. విగ్రహాలకు మొక్కకపోవటమంటే జాతరలో డప్పు కొట్టకపోవటం. డప్పు లేనిదే జాతర లేదు గనక వూరి పెద్దలకు కోపం రాక తప్పదు.

అందుకే పల్లె పల్లెనా గొడవలు లేచాయి. మేర ఆపారు. పనులు ఆపారు. కొన్నిచోట్ల బావుల దగ్గరకు రానివ్వలేదు. దొంగతనం కేసులు బనాయించిన సంగతులు కూడా ఆనాటి రాతల్లో వున్నాయి. కూటి కోసం మతం మార్చారనే వాదానికి మొట్టమొదటి జవాబు యిదే. 1867 నుంచి 1876 దాకా క్రైస్తవుడైనవాడు కూడు సంపాదించుకోలేదు, వున్న కూడు పోగొట్టుకున్నాడు.

యిందులో యింకో పక్క కూడా వుంది. దాన్ని దాచటం సబబు కాదు. డప్పునూ, దాని వెంట వచ్చే పాటనూ, కథనూ సైతానువిగా ముద్రవేసి దూరం పెట్టినందువల్ల ఒక గొప్ప కళ తన సొంత యింట్లోనే పరాయిదైంది. యీ నష్టాన్ని తర్వాతి తరాలు గుర్తించాయి. 1994 జులైలో మన జిల్లాలోని ఈదుముడి గ్రామంలో మాదిగ దండోరా మొదలైనపుడు ఆ ఉద్యమం చేతికి తీసుకున్నది డప్పునే. ఒకనాడు అవమానానికి గుర్తని వదిలిన వాద్యం, మరోనాడు ఆత్మగౌరవానికి గుర్తుగా తిరిగి వచ్చింది.

తెరచిన పేజీ

1867లోనే ఒంగోలులో మరొక పరీక్ష ఎదురైంది. పట్టణంలోని అగ్రవర్ణాల వారు కొందరు మిషనరీ బడికి వస్తూ, బోధ వింటూ, సంఘంలో చేరేలాగే కనిపించారు. అదే సమయానికి మాదిగపల్లెల నుంచి కూడా జనం వచ్చారు. పెద్దలు సూటిగా చెప్పారు, వాళ్ళను చేర్చుకుంటే మేము రామని. మిషనరీలకు యిది తేలిక సమస్య కాదు. పైవర్ణాలు ముందు వస్తే కిందివారు వాటంతట అవే వస్తారన్నది ఆనాడు చాలామంది క్రైస్తవ బోధకుల లెక్క.

క్లౌ గారూ ఆయన భార్యా వేరువేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిచారనీ, యిద్దరికీ ఒకే భాగం కనిపించిందనీ ఆయన చెప్పుకున్నాడు. అది పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ, మొదటి అధ్యాయం, 26వ వచనం మొదలు. లోకం దృష్టిలో జ్ఞానులూ, ఘనులూ, గొప్ప వంశాలవారూ పిలువబడినవారిలో ఎక్కువమంది లేరనీ, లోకం నీచమని తీసివేసిన వారినే దేవుడు ఏర్పరచుకున్నాడనీ పౌలు అక్కడ వివరిస్తాడు. ఆ వచనాల మీద నిలబడి క్లౌ దంపతులు మాదిగలను చేర్చుకున్నారు. పెద్దలు బడి నుంచి తమ పిల్లల్ని మాన్పించుకున్నారు.

బైబిలు యాదృచ్ఛికంగా తెరవటం నిర్ణయానికి మంచి పద్ధతేనా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని యిక్కడ ముఖ్యం పేజీ ఎలా తెరుచుకుందనేది కాదు, తెరుచుకున్న పేజీని ఎలా పాటించారనేది. లేఖనాన్ని చదివి మెచ్చుకునేవాళ్ళు అన్ని మతాల్లోనూ వున్నారు. దానివల్ల వచ్చే నష్టాన్ని భరించేవాళ్ళు అరుదు.

కరువు, కాలువ

1876లో వానలు తప్పాయి. 1877లోనూ తప్పాయి. 1878 వరకు సాగిన ఆ కరువులో మద్రాసు రాజధానిలోనూ, దక్షిణాదిలోని యితర ప్రాంతాల్లోనూ లక్షలాది జనం చనిపోయారు. ఆ సమయంలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయపు పనుల మీద కూలిని మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లరగా కుదించాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. రోజంతా మట్టి మోసినవాడికి ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. కరువు కూలి ఎంత వుండాలనే చర్చకు మన దేశంలో యిదొక ముఖ్య ఘట్టం.

అప్పుడే తీరం వెంబడి బకింగుహాం కాలువ తవ్వకం జోరుగా నడుస్తోంది. క్లౌ తన సర్వే చదువును గుర్తు చేసుకుని మూడు నాలుగు మైళ్ళ కాలువ ముక్కను కంట్రాక్టుకు తీసుకున్నాడు. సంఘ బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్కరి కింద కొంత జట్టు. యితర పనుల మీద మేస్త్రీల తిట్లూ, లంచాలూ, దెబ్బలూ ఎరిగిన జనానికి యిక్కడ తమ కులంవాడే, తమ మాటే మాట్లాడేవాడే లెక్కలు రాసి కూలి యిప్పించటం కొత్త అనుభవం. మధ్యాహ్నం పని ఆగినపుడు ఆ మేస్త్రీలే జట్టు మధ్య కూర్చుని మాట్లాడేవారు. ఎక్కువగా చెప్పింది మత్తయి 11వ అధ్యాయంలోని పిలుపు. బరువు మోసి అలసినవారిని విశ్రాంతి కోసం తన దగ్గరకు రమ్మని యేసు పిలిచిన మాట అది. గంపలతో మట్టి మోసే వాళ్ళకు ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. కరువు తీరాక ఎవరి పల్లెకు వాళ్ళు ఆ మాటను తీసుకుని పోయారు.

బాప్తిస్మం యిమ్మని అడిగినవాళ్ళు కాలువ మీదనే చాలామంది తేలారు. క్లౌ యివ్వలేదు. కరువు సహాయం నడిచినంత కాలం, సుమారు పదిహేను నెలల పాటు, ఒక్కరికీ బాప్తిస్మం యివ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదనే ఆయన ఆ పని చేశాడు. అంటే యివాళ మనం వేస్తున్న ప్రశ్న అప్పుడే ఆయన ముందు నిలిచివుంది.

వెల్లంపల్లి రేవు

1878 జూన్ నాటికి సహాయపు నిధులు అయిపోయాయి. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళలో, గుండ్లకమ్మ ఒడ్డున వున్న వెల్లంపల్లి దగ్గర బోధకులనూ కొందరు క్రైస్తవులనూ కలుసుకుంటానని క్లౌ కబురు పెట్టాడు. వచ్చినది కొందరు కాదు, వేలమంది. యివ్వటానికి యిక డబ్బు లేదని ఆయన చెప్పినా, మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలని వాళ్ళు పట్టుబట్టినట్లు ఆయన రాసుకున్నాడు.

జులై 2న 614 మంది. జులై 3న 2,222 మంది. జులై 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536 మంది గుండ్లకమ్మ నీళ్ళలో బాప్తిస్మం పొందారు. జులై 3న ఆరుగురు తెలుగు బోధకులు యిద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని తెల్లవారి నుంచి సాయంత్రం దాకా, మధ్యలో ఎండవేళ ఆగి, యీ పని జరిపించారు. క్లౌ ఆ రోజు ఒక్కరికీ బాప్తిస్మం యివ్వలేదు. ఏర్పాట్లు చూసుకుంటూ ఒడ్డునే వున్నాడు. ఏడాది ఆఖరుకు యీ సంఖ్య 9,606 అయింది. బాప్టిస్టుల చరిత్రలో ఒక్క రోజున అన్ని బాప్తిస్మాలు జరగటం అంతకు ముందు ఎరగని సంగతి. అమెరికాలో పత్రికలన్నీ 'ఒంటరి నక్షత్రం' పేరు రాశాయి.

తర్వాత యీ ఉద్యమం నిర్వహణకు పడమటి పల్లెల్లో కొత్త స్థానాలు అవసరమైనాయి. 1880లలో కంభం, 1890లలో కనిగిరి, పొదిలి, మార్కాపురం, ఆ తర్వాత దొనకొండ మిషను కేంద్రాలైనాయి. పల్లెకొక బడి, బడికొక పంతులు. ఆయనే ఆదివారం బోధకుడు. మన తాతల తరంలో ఓనమాలు నేర్చిన దళితుల్లో చాలామంది ఆ పాకల్లోనే నేర్చారు.

మరి, జవాబేమిటి?

యింత చెప్పినా ఒక సందేహం మిగులుతుంది. యీ లెక్కలన్నీ మిషనరీల రాతల్లోవి. ఆ 2,222 మందిలో ఒక్కరు కూడా తాము ఎందుకు నీళ్ళలో దిగారో రాసిపెట్టలేదు. రాయటం వారికి ఎవరూ నేర్పలేదు గనక. క్లౌ గారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్, యీ వృద్ధుల్ని కూర్చోబెట్టి అడిగి వారి కథల్ని 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్', అంటే చెప్పులు కుడుతూ, అన్న పుస్తకంలో పొందుపరిచింది. పేరయ్య రాజయోగం సంగతి మనకు తెలిసింది ఆమె వల్లనే. ఆమె సోదరుడే అమెరికాలో సాంఘిక సువార్తకు ఆద్యుల్లో ఒకడైన వాల్టర్ రౌషెన్‌బుష్.

కనుక ప్రతివాడి మనసులోకీ తొంగిచూడలేం. కొందరు కృతజ్ఞతతో వచ్చివుంటారు. చావు తరుముతున్నపుడు తమను మనుషులుగా చూసిన చేతిని కొందరు పట్టుకుని వుంటారు. కులపెద్ద వచ్చాడని వెంట వచ్చినవాళ్ళు కొందరు. ముందే నమ్మి, కరువు వల్ల ఆగి, అప్పుడు చేరినవాళ్ళు చాలామంది. అందరినీ ఒకే గాటన కట్టి కూటి కోసమనటం ఎంత తప్పో, అందరూ శుద్ధ వేదాంతంతో వచ్చారనటమూ అంతే తప్పు.

అయితే అసలు ప్రశ్నలోనే ఒక లోపం వున్నదని నా మనవి. కూడూ, దేవుడూ రెండూ వేరువేరు అన్న ఊహ కడుపు నిండినవాడిది. బైబిలుకు ఆ ఊహ లేదు. యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థన చిన్నది, అందులో రోజువారీ ఆహారం కోసం అడగటం ఒక విన్నపం. యోహాను సువార్త 6వ అధ్యాయంలో అయిదువేల మందికి ఆయన రొట్టెలు పెట్టాడు. మర్నాడు వాళ్ళు మళ్ళీ వెతుక్కుంటూ వస్తే, రొట్టెలు తిన్నందుకే నన్ను వెతుకుతున్నారని నిర్మొహమాటంగా అన్నాడు. గమనించండి, అలా అన్నవాడు ముందు రోజు పెట్టటం మానలేదు. పెట్టేముందు ఎవరి ఉద్దేశమేమిటని పరీక్షా పెట్టలేదు. తిన్నవాళ్ళను తరిమివేయలేదు కూడా. ఆ రొట్టె నుంచే మొదలుపెట్టి అంతకు మించిన ఆహారం సంగతి చెప్పాడు. విన్నవారిలో చాలామంది వెళ్ళిపోయారు, కొందరు వుండిపోయారు. వుండిపోవటమే పరీక్ష.

మన పల్లెల సంఘాలకూ అదే కొలబద్ద పెడితే సరిపోతుంది. కరువు రెండేండ్లలో పోయింది. కాలువ పని ముగిసింది. మిషనరీలు కూడా పోయారు. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడి నిర్వహణ తెలుగువారి చేతికి వచ్చింది. అయినా నూటనలభై ఏండ్లు దాటాక కూడా పల్లెపల్లెనా ఆదివారం గంట మోగుతూనే వుంది. కూటి కోసమే వచ్చినవాళ్ళయితే కూడు అయిపోగానే వెళ్ళివుండేవారు.

పిడికెడు బియ్యం

యీ సంఘాలు కూటితో తమ సంబంధాన్ని తిరగరాసుకున్న ముచ్చట ఒకటుంది. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో 'పిడికెడు బియ్యం' అనే ఆచారం చాలా పాతది. యింటి యిల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, కడిగే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారానికొకసారి స్త్రీల సమాజం వారు ఆ బియ్యం పోగుచేస్తారు. వాటితో బోధకుడి యింటికి గ్రాసం, మందిరానికి దీపం, వీధిలో మంచం పట్టినవారికి గంజి. వానాకాలం గింజలు లేని రోజుల్లో కూడా ఆ కుండ పూర్తిగా ఖాళీ కానిచ్చేవారు కారు. కళ్ళం దగ్గర మేర కోసం చెయ్యి చాపిన వంశమే, యిప్పుడు ఎసట్లోంచి దేవుడికి మేర తీసిపెడుతున్నది. విశ్వాసం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, వేదాంత గ్రంథం కంటే ఆ కుండను చూపించటం సులువు.

సంఘాన్ని అడిగే ప్రశ్నలు

చరిత్ర తాతల్ని పొగడటానికే అయితే అంతగా ఉపయోగం లేదు. అది మనవల్ని కూడా ప్రశ్నించాలి.

కొరింథు సంఘానికి రాసిన ఆ లేఖలోనే 11వ అధ్యాయంలో పౌలు మరొక సంగతి ఎత్తాడు. అక్కడ ప్రభువు బల్ల దగ్గరకు కలిగినవారు ముందుగా వచ్చి తమ భోజనం తాము చేసేవారు. కూలివాళ్ళు పని ముగించుకుని వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు తెగేసి చెప్పాడు. యీ అధ్యాయం మన మందిరాల్లో నెలకొకసారి చదువుతారు. కాని మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరు అన్న పల్లెలు యింకా వున్నాయి. పెండ్లి మాట వచ్చేసరికి బాప్తిస్మం వెనక్కి పోయి కులం ముందుకొస్తుంది. ఒకనాడు పెద్దలు పెట్టిన షరతును, వాళ్ళొస్తే మేము రామన్న మాటను, కాదన్నందువల్ల పుట్టిన సంఘం యిది. ఆ మాటే యిప్పుడు సంఘం లోపల వినపడితే పుట్టుకనే మరిచినట్లు కాదా?

మిషనరీలు వదిలివెళ్ళిన స్థలాల మీద కోర్టు వ్యాజ్యాలు, పదవుల కోసం తగాదాలు అందరూ ఎరిగినవే. పిడికెడు బియ్యంతో నడిచిన సంఘానికి ఎకరాల మీద యింత మమకారం ఎలా కలిగిందో పెద్దలు ఆలోచించాలి.

చట్టం వల్ల కలిగిన చిక్కు మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల సి గ్రూపు కింద ఒక్క శాతం రిజర్వేషన్లో వున్నారు. యీ విషయం పరిశీలించటానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. యిందువల్ల ఎందరో విద్యార్థులకు బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘం రిజిస్టరులో మరొక పేరు. ఆదివారం ఒకటి, సోమవారం మరొకటి. వారిని వేషధారులని అనటం తేలిక. కాని మతం మారినంత మాత్రాన వూరు వారిని చూసే చూపు మారిందా? 1985 జులైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మంచినీళ్ళ చెరువులో మురికి కలపవద్దన్నందుకు మొదలైన గొడవ ఆరుగురు మాదిగల హత్యతో ముగిసింది. ప్రాణాలు దక్కినవారు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1867లో మూసిన బావికీ, 1985 నాటి ఆ చెరువుకూ మధ్య ఎన్ని బాప్తిస్మాలు జరిగాయో, నీళ్ళ దగ్గరి చూపు మాత్రం అంత మారలేదు.

ముగింపు

కూటి కోసమా, కూడిక కోసమా అన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు యిది. మన పడమటి పల్లెల తాతలు వెతికింది కూటితో పాటు కూర్చునే చోటు. వూరి బయట తినటం వారికి కొత్త కాదు. నలుగురితో సమానంగా చాపమీద కూర్చుని తినటం, పేరు పెట్టి పిలిపించుకోవటం, తమ పిల్లవాడి చేతికి పలక రావటం, యివి కొత్త. అది దేవుడిచ్చిన చోటని వారు నమ్మారు. ఆ నమ్మకంతో మేరను పోగొట్టుకున్నారు, దెబ్బలు తిన్నారు, అయినా వుండిపోయారు.

విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. సెలవుల్లో యిండ్లకు వెళ్ళినపుడు, క్రైస్తవులైతే మీ పల్లె సంఘంలో వున్న పాత బాప్తిస్మపు రిజిస్టరు తెరిచి చూడండి. చెదలు పట్టకముందే అందులోని పేర్లు రాసి పెట్టుకోండి. ఎనభై దాటిన అవ్వ వుంటే పక్కన కూర్చుని అడగండి, ఆమె తర్వాత చెప్పేవారు వుండరు. క్రైస్తవులు కానివారైతే, మీ వూరి పల్లెలోని ఆ చిన్న మందిరం ఎప్పుడు కట్టారో, మొదటి బడి ఎక్కడ నడిచిందో కనుక్కోండి. అది మీ వూరి చరిత్ర కూడా. ఆ తర్వాత ఎప్పుడైనా ఎవరైనా "కూటి కోసమేగా" అంటే, కోపం తెచ్చుకోకుండా, తల కూడా దించుకోకుండా, వాళ్ళను కూర్చోబెట్టి తాళ్ళకొండపాడు చింతతోపు సంగతి మొదలుపెట్టి చెప్పండి.